పదకొండు ఇళ్ల పిలుపు

గురువారం పొద్దున్న ఆరున్నర దాటింది. వినార్తి వంటింట్లో రెండు గ్యాసు పొయ్యిల మీదా నీళ్లు మరిగి మరిగి సగానికి వచ్చాయి. పదిహేను కిలోల బియ్యం కడిగి వడగట్టింది. గోడ పక్కన ముప్ఫై కొబ్బరికాయలు, గంపెడు ఆకుకూర, శుభ్రం చేసిన ఎనిమిది కోళ్లు. బల్ల మీద తైవాన్ నించి తెచ్చిన ప్లాస్టిక్ ఏప్రన్‌లు పదకొండు, జుట్టుకి పెట్టుకునే టోపీలు పదకొండు, ఇంటికొకటి చొప్పున మడత పెట్టి మరీ పేర్చింది. సరంజామాకి లోటు లేదు. చెయ్యి వెయ్యడానికే ఒక్కరూ రాలేదు.

ఆ రోజు వాళ్లమ్మ పోయిన వెయ్యో రోజు. మూడో రోజు, ఏడో రోజు, నలభై, నూరు, ఏడాది, రెండేళ్లు, అన్నీ వినార్తి లేకుండానే జరిగిపోయాయి. వెయ్యో రోజుతో సరి. ఆ మర్నాడు సమాధి మీద రాయి పెడతారు. ఇక ఆ పోయిన మనిషి పేరు మీద కొడుకూ కూతురూ చెయ్యవలసిన వంట అంటూ ఉండదు. ఇన్నిట్లో వినార్తి చేతికి దక్కింది ఈ ఒక్క రోజే.

సాయంత్రం మగ్రిబ్ నమాజు కాగానే నలభై మంది మగవాళ్లు వచ్చి ముందుగదిలో చాపల మీద కూచుని ప్రార్థన చదువుతారు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి చేతికీ అన్నం బుట్ట ఇచ్చి పంపాలి. నలభై బుట్టల వంట ఒక్క మనిషి చేసేది కాదు. సుంబర్‌వంగి పేటలో ఏ ఇంట కార్యమైనా మిగతా ఇళ్ల ఆడవాళ్లు కత్తులు పట్టుకుని తెల్లారేసరికి ఆ ఇంటి వెనక గుమ్మంలో ఉంటారు. దానికి కూలి లేదు, జీతం లేదు. ఇవాళ నీ ఇంటికి నేను, రేపు నా ఇంటికి నువ్వు. వినార్తి చిన్నప్పుడు వాళ్లమ్మ లుంగీ అంచు పట్టుకుని ఎన్ని వంటిళ్లు తిరగలేదు!

తప్పంతా ఆమెదేనని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. పదమూడేళ్లు తైవాన్‌లో, తైచుంగ్ పట్నంలో ఒక ముసలావిడకి సేవ చేసి వచ్చిన మనిషి, అక్కడి గడియారాన్ని ఒంట్లో పెట్టుకుని వచ్చింది. వచ్చిన వారంలోనే పేట పేటంతా నవ్విపోయింది. తైవాన్‌లో చెత్త లారీ పాట వేసుకుంటూ వస్తుంది, ఆ పాట వినగానే సంచి పట్టుకుని పరిగెత్తాలి. ఇక్కడ పాట వేసుకుంటూ వచ్చేది ఐసు బండి. ఈవిడ నిద్రకళ్లతో చెత్తసంచి పట్టుకుని పరిగెత్తి ఐసు బండివాడికి అందించింది. వాడు పాపం, ఏదో కానుకనుకుని తీసుకున్నాడు కూడా.

నవ్విన నవ్వు మంచిదే, అది మర్చిపోతారు. మర్చిపోలేనివి వేరే చేసింది. దొంగల భయమని వెనక గుమ్మానికి ఇనప కటకటాలు పెట్టించి తాళం వేసింది. ఎవరైనా కబుర్లకొస్తే నిలబడే మాట్లాడి పంపేసింది. ఎవరింటికీ వెళ్లి కూచోలేదు. ఇక ఈ వంటకి పిలవడం అంటారా, ఆదివారం నాడు పేట ఆడవాళ్ల ఫోను గుంపులో ఒక మెసేజి పడేసింది: గురువారం అమ్మ వెయ్యో రోజు, ఆరింటికల్లా వంటకి రండి, రాలేనివాళ్లు బుధవారం సాయంత్రంలోగా చెప్పండి. పదకొండు ఇళ్ల నించీ చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. వినార్తి బొమ్మలు లెక్కపెట్టుకుని అన్ని ఏప్రన్‌లు తీసింది.

"బొమ్మలు వచ్చాయిగా, వాటినే వండమను," అన్నాడు తమ్ముడు జుమాది. వెనక మెట్టు మీద కూచుని లవంగం సిగరెట్టు కాలుస్తున్నాడు. ఇసక లారీ తోలతాడు. పెళ్లాం నాలుగేళ్లుగా హాంగ్‌కాంగ్‌లో ఉంది, అందుకని ఈ ఇంటికి ఇంకో ఆడదిక్కు లేదు. నాలుగు రోజుల నించీ చెప్తూనే ఉన్నాడు, ఇంటింటికీ వెళ్లి కూచుని పిలవాలక్కా అని. ఆవిడ వింటేగా. తన వంతు మగవాళ్లని మాత్రం నిన్న సాయంత్రం ఇంటింటికీ నడిచి పిలిచి వచ్చాడు. నలభై మందీ వస్తారు. అదే ఇప్పుడు వినార్తి గుండెల మీద కుంపటై కూచుంది.

ఆమె కాలుకాలిన పిల్లిలా ముందు గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరిగింది. ఏడైంది. చివరికి పట్నంలో వంటలు కట్టి పంపే మనిషికి ఫోను చేసింది. అతను ఎగిరి గంతేసినట్టే మాట్లాడాడు. నలభై పెట్టెలు అయిదింటికల్లా తెచ్చేస్తాను, ఎనిమిదింటికి నేనే ఫోను చేస్తాను, ఖాయం చేసుకోండి, ఆ తరవాత నా వల్ల కాదు అన్నాడు.

ఆ మాట తమ్ముడితో చెప్పింది. జుమాది సిగరెట్టు మెట్టుకేసి నలిపాడు.

"తెప్పించు. మగవాళ్లు తిని పోతారు, వాళ్లకేం. అమ్మ వెయ్యో రోజు అన్నం ఊళ్లోవాళ్ల చెయ్యి పడకుండా పట్నం నించి పెట్టెల్లో వచ్చిందని, నువ్వు పోయినా చెప్పుకుంటారు. ఆ తరవాత నువ్విక్కడ ఎలా బతుకుతావో నాకు తెలీదక్కా. నేను లారీ ఎక్కి పోతా, నువ్వుంటావు."

"మరేం చెయ్యమంటావురా?"

"సాతినెమ్ బుదే దగ్గరికి వెళ్లు."

బుదే అంటే పెద్దమ్మ. రక్తసంబంధం కాకపోయినా సాతినెమ్ అందరికీ బుదేనే. పేటలో ఏ కార్యమైనా అన్నం వార్చే పెత్తనం ఆవిడది. ఆవిడ గంటె పట్టందే మిగతావాళ్లు కూర తరగరు. వాళ్లమ్మకి ఆఖరి స్నానం చేయించింది కూడా ఆవిడే. ఇంటి వెనక ముప్ఫై అడుగుల్లో ఉంటుంది. వచ్చి రెండు నెలలైనా ఆ ముప్ఫై అడుగులు వినార్తి వెయ్యలేదంటే దానికి కారణం గడియారం కాదు. ఆ కారణం తమ్ముడికీ తెలియదు.

ఏడుంపావుకి ఆమె చున్నీ సర్దుకుని బయల్దేరింది. కటకటాల తాళం ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు, అందుకని వీధి చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది. దారిలో మార్సిహ్ వాళ్ల అరుగు కనిపించింది. చిన్నప్పుడు ఒకే బల్ల మీద చదువుకున్న మార్సిహ్, తల దువ్వుకుని, శుభ్రమైన జాకెట్టు వేసుకుని ఊరికే కూచుని ఉంది. పలకరించలేదు. ఆ పక్కింట్లోనూ అంతే. పొద్దున్నే పొలానికి పోవలసిన ఆడవాళ్లు తయారై ఇళ్లల్లో కూచున్నారు. వినార్తికి అర్థం కాలేదు. కావాలనే తమాషా చూస్తున్నారనుకుని ఒళ్లు మండింది.

సాతినెమ్ బుదే ముందరి బల్ల మీద కూచుని వక్క నములుతోంది. ముదురు రంగు రవిక, కొత్త బాతిక్ లుంగీ, గట్టిగా బిగించిన కొప్పు. కాళ్ల దగ్గర గుడ్డలో చుట్టిన కత్తి, అన్నం ఆవిరికి పెట్టే వెదురు బుట్ట. అవి చూడగానే వినార్తికి ప్రాణం లేచి వచ్చింది.

"బుదే, మీరు సిద్ధంగానే ఉన్నారా?"

"నాలుగింటికే సిద్ధమయ్యా. ఎవరింటికన్నదే ఇంకా తెలీలేదు."

మెసేజి పెట్టాను కదా అని వినార్తి నసిగింది. మీ ఇంటి నించి చేతులు జోడించిన బొమ్మ కూడా వచ్చింది అంది.

"ఆ చేతులు మా కోడలివి," అంది బుదే. తన రెండు చేతులూ ముందుకు చాపింది. కణుపులు ఉబ్బి ఉన్నాయి. "నావి ఇవి. వీటిని ఎవరూ పిలవలేదు."

వినార్తి నిలబడే ఉంది. ఇప్పుడు పిలుస్తున్నాను, టైము లేదు, దయచేసి రండి అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ముసలావిడ బల్ల మీద తన పక్కన అరచేత్తో తట్టింది. కూచోమని. వినార్తి బల్ల అంచున కూచుంది. కోడలు టీ తెచ్చింది. వినార్తి గడియారం చూసుకుంది. ఏడు ఇరవై అయిదు. ఆ చూపు బుదే కంట పడనే పడింది.

ఆవిడ తొందరపడలేదు. ముప్ఫై ఏళ్లు నీ వెనక గుమ్మంలోంచి వచ్చాను, పోయాను, అంది. ఇప్పుడు ఇనప ఊచలు పెట్టించావు, ముందు గుమ్మానికి వచ్చి గంట కొట్టి, పనిమనిషి కావాలా తల్లీ అని అడగాలా నేను, అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది వినార్తికి.

"మీ అమ్మ పోయిన రోజు నన్నెవరు పిలిచారో తెలుసా?" అంది.

వినార్తి తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ పిలవలేదు. చావుకి పిలుపుండదు, విన్నవాళ్లు విన్నట్టే లేచి వస్తారు. మేమంతా అలాగే వచ్చాం. ఆ తరవాత ప్రతి కార్యానికీ మీ తమ్ముడు ఇక్కడ, ఇదే బల్ల మీద కూచుని పిలిచాడు. వెళ్లాం. పోయినవాళ్ల పేరు మీద కూతురు పొయ్యవలసిన మొదటి అపెమ్ అప్పం కూడా నీ బదులు నేనే పోశాను, ప్రతిసారీ." తమలపాకు ఉమ్మి పక్కనున్న కొబ్బరిచిప్పలో వేసి నోరు తుడుచుకుంది. "పిలవకుండా రావలసినదానికి నిన్ను పిలిచాం. జుమాది నా పక్కన నిలబడే ఫోను చేశాడు. సెలవివ్వలేదన్నావు."

ఇదిగో, ఈ మాటకి భయపడే వినార్తి రెండు నెలలు ఎవరి బల్ల మీదా కూచోలేదు. కూచుంటే అడుగుతారు. అడిగితే మళ్లీ అదే అబద్ధం చెప్పాలి. ఫోనులో చెప్పిన అబద్ధం ఒకటి, మనిషి మొహం చూసి చెప్పేది ఇంకొకటి. మెసేజి అయితే ఎవరూ మొహం చూడరు.

వినార్తి టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ఇచ్చారు," అంది.

బుదే నమలడం ఆపింది.

"సెలవిచ్చారు బుదే. ఎనిమిది రోజులు. ఆ ముసలావిడ కూతురు టిక్కెట్టు కూడా తీస్తానంది. నేనే వద్దన్నాను. ఒప్పందం పొడిగించడానికి పదకొండు రోజులే ఉంది. ఈ లోపల నేను వెళ్తే నా చోట్లో ఇంకో పిల్లని పెట్టుకుంటారేమోనని భయపడ్డాను. అమ్మ ఎలాగూ పోయింది, వెళ్లి ఏం చేస్తాను అనుకున్నాను. ఆ సాయంత్రం నేను వాళ్ల ముసలావిడకి నీళ్లు పోశాను. మీరిక్కడ మా అమ్మకి పోస్తున్న వేళకే. నాకు తెలుసు, గడియారం చూసుకుంటూనే పోశాను."

ఏడవలేదు. ఏడుపు రాలేదు, దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది. అప్పుడే ఒళ్లో ఫోను మోగింది. ఎనిమిది. పట్నం వంటవాడు. అది మోగుతూనే ఉంది. సాతినెమ్ బుదే దానికేసి చూసింది, ఏం చెయ్యమనీ అనలేదు. ఇది ఇప్పుడు ఎత్తకుండా ఆపేస్తే, ఈ ముసలావిడ రానంటే, సాయంత్రం నలభై మంది ఉత్త చేతులతో వెళ్లిపోతారు. అమ్మ ఆఖరి రోజు అలా ముగుస్తుంది. వినార్తి ఫోను ఆపేసి బోర్లా పెట్టింది.

బుదే ఆమెకేసి తిరిగి అడిగింది.

"ఆ ముసలావిడకి బాగా పోశావా?"

"బాగానే పోశాను."

"గోరువెచ్చటి నీళ్లేనా?"

"ఆఁ."

"మీ అమ్మకి చన్నీళ్లే పోశాం. ఆ రోజు వాన. కట్టెలు తడిసిపోయాయి, పొయ్యి రాజుకోలేదు."

కొట్టినా అంత దెబ్బ తగలదు. వినార్తి తల వంచుకుని ఆ ఉబ్బిన కణుపుల కేసి చూస్తూ ఉండిపోయింది. క్షమించాననో, పోనీలే అనో బుదే అంటుందేమోనని ఎదురుచూసింది. అలాంటిదేమీ ఆవిడ అనలేదు. కొంగులాంటి సెలెందాంగ్ గుడ్డ భుజాన వేసుకుని లేచింది.

"టీ తాగు. ఇంకా పది ఇళ్లున్నాయి. నడిచి వెళ్లు, బండెక్కకు. ప్రతి ఇంట్లో కూచో. ఏమిస్తే అది తిను. గడియారం ఇక్కడ పెట్టి పో."

వినార్తి చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది.

పది ఇళ్లూ తిరగడం ఎంతసేపో గడియారం లేకుండా ఎలా తెలుస్తుంది? ఎండ చూసి కంగారు పడటమే. మొదటి ఇంట్లో వేయించిన అరటిపండు పెట్టారు. రెండో ఇంట్లో మోకాళ్ల నొప్పుల సంగతి పూర్తిగా వినవలసి వచ్చింది. మూడో ఇంట్లో ఏం చెప్పాలో తెలియక అమ్మకి మీరు చేసిందంతా అంటూ మొదలుపెట్టి ఆగిపోతే, ఆ ఇంటావిడ ఆమె మోచెయ్యి పట్టుకుని అలాగే కూచుంది. అక్కడా నిజమే చెప్పింది. ఆ తరవాత ప్రతి ఇంట్లోనూ చెప్పింది. ఒకావిడ మొహం అటు తిప్పేసుకుంది. ఇంకొకావిడ, నాకూ మలేషియాలో అలాగే అయిందే, మా నాన్నకి, అని గొణిగి లోపలికి వెళ్లిపోయింది. మార్సిహ్ మాత్రం వాకిట్లోనే ఎదురొచ్చి, "చెత్త ఏమైనా తెచ్చావా, నేనూ తీసుకుంటా," అంది. వినార్తి నవ్వలేక నవ్వింది. మార్సిహ్ కత్తి అప్పటికే నడుముకి కట్టుకుని ఉంది.

తిరిగొచ్చేసరికి నడినెత్తిన ఎండ. ఇంట్లోకి అడుగుపెడితే కటకటాల తాళం పగిలి నేల మీద పడి ఉంది. జుమాది సుత్తి గోడకి ఆనించి ఉంది. వంటింట్లో, పెరట్లో కలిపి ఎనిమిది మంది. మిగతావాళ్లు వస్తున్నారు. గ్యాసు పొయ్యిలు ఆర్పేసి పెరట్లో ఇటికలు పేర్చి కట్టెలు రాజేశారు. ఏప్రన్‌లు ఎవరూ ముట్టుకోలేదు. టోపీలు మాత్రం బెల్లం గిన్నెలకి ఈగలు వాలకుండా తొడిగారు. అన్నం ఆలస్యమైంది, కోళ్లు ఇంకా పొయ్యెక్కలేదు, ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. సాయంత్రానికి అందుతుందో లేదో ఎవరికీ తెలియదు. సాతినెమ్ బుదే వినార్తిని చూసి, కొత్త కోడలికి చెప్పినట్టు, కొబ్బరి తురమమంది. ఆమె సొంత ఇంట్లో ఆమెకి దొరికిన చోటు అది. ముప్ఫై కాయలూ తురిమింది. వేళ్ల చర్మం లేచింది. ఎవరూ పలకరించలేదు, లేవమనీ అనలేదు.

మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించింది. తరవాత, మూడు దాటాక, అసర్ పిలుపు కూడా. అన్నం దిగింది, కోళ్లు దిగాయి, ఆకుకూరలో కొబ్బరి కలిపారు. జుమాది బుట్టల్లో ఆకులు పరుస్తున్నాడు. ఆఖరున అపెమ్‌లు. బియ్యప్పిండీ కొబ్బరిపాలూ కలిపిన పిండిని చిన్న మట్టి మూకుడులో పోసి కాల్చే తీపి అప్పాలవి. మొదటిది పోయినవాళ్లకి. బుదే మూకుడు పొయ్యి మీద పెట్టి, గరిటె తీసుకుని, పొయ్యబోయి ఆగింది. గరిటె కాడ వినార్తి వైపు తిప్పింది.

వినార్తి గరిటె అందుకుంది.

పదమూడేళ్లుగా కట్టెల పొయ్యి ముట్టుకోని చెయ్యి. పిండి పోసింది. మంట ఎక్కువైంది, తగ్గించడం చేతకాలేదు. కట్టె లాగబోతే నిప్పులు చెదిరాయి. మూత తీసేసరికి అపెమ్ ఒక పక్క నల్లగా మాడి, ఇంకో పక్క పచ్చిగా ఉంది. అంచు మూకుడుకి అంటుకుని చిరిగింది. ఆ వాసన అందరికీ వచ్చింది. తైచుంగ్‌లో అయితే ముసలావిడకి ఇలాంటిది పెట్టేదా? గీకి పక్కన పారేసి ఇంకోటి పోయాలని అట్లకాడ తీసింది.

బుదే ఆమె మణికట్టు పట్టుకుంది.

"పారెయ్యకు. మొదటిది ఎలా వచ్చినా అమ్మదే."

"మాడిపోయింది బుదే."

"చూశాను. ఆకులో పెట్టు. త్వరగా పెట్టు, చల్లారిపోకముందే. ఆవిడకి ఇదైనా వేడిగా అందనీ."

వినార్తి దాన్ని వేళ్లతోనే ఎత్తి అరిటాకులో పెట్టింది. వేళ్లు కాలాయి. అప్పుడు వచ్చింది ఏడుపు, వెయ్యి రోజులు ఆలస్యంగా, పొయ్యి ముందు గొంతుక్కూచున్న మనిషికి భుజాలు కదిలిపోయేటంత. మార్సిహ్ వచ్చి పొయ్యిలోంచి ఒక కట్టె పక్కకి లాగింది. మంట తగ్గింది. మగ్రిబ్‌కి ఇంకా గంట ఉంది. వినార్తి మోచేత్తో మొహం తుడుచుకుని రెండో గరిటె పోసింది.